నిర్వాణం (వృషణాలు తీసేసే ఆపరేషన్) తర్వాత హార్మోన్ మాత్రలు మానేస్తే ఎముకలకి ఏమవుతుంది? హార్మోన్లు వాడేవాళ్ల ఎముకల గురించి కొన్ని ప్రశ్నలు

లంకగట్టు_కౌన్సెలర్ (అమలాపురం)

అందరికీ నమస్కారమండీ. కోనసీమలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులతో పనిచేసే కౌన్సెలర్ల కోసం నాలుగు పేజీల కరపత్రం ఒకటి తయారవుతోంది. మూడు పేజీలు అయ్యాయి. ఎముకల పేజీ దగ్గర ఆగిపోయాం. ఒకరు చెప్పేదానికీ ఇంకొకరు చెప్పేదానికీ పొంతన కుదరడం లేదు. తెలిసినవాళ్లు కాస్త తేల్చి చెప్పండి.

1. ఈస్ట్రోజెన్ (ఆడ హార్మోన్) వాడితే ఎముకలు గుల్లబారతాయని కొందరు, గట్టిపడతాయని కొందరు అంటున్నారు. ఏది నిజం?

2. నిర్వాణం చేయించుకుని ఎనిమిదేళ్లు, పదేళ్లు అయినవాళ్లు చాలామంది ఉన్నారు. "ఇంక తీసేశాం కదా, మాత్రలతో పనేంటి" అని ఏమీ వాడరు. వాళ్లకి ఏం చెప్పాలి?

3. టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) సూది వేయించుకునే ట్రాన్స్ పురుషులకి (అమ్మాయిలుగా పుట్టి మగవాళ్లుగా జీవించేవాళ్లకి) ఎముకల భయం ఉందా?

4. ఎముక సాంద్రత కొలిచే డెక్సా పరీక్షకి పంపితే ఫారంలో ఎం రాయాలా, ఎఫ్ రాయాలా? ఒకే మనిషికి ఒకలా రాస్తే "ఆస్టియోపొరోసిస్" (ఎముకలు గుల్లబారే జబ్బు) అనీ, ఇంకోలా రాస్తే "పర్వాలేదు" అనీ వస్తోంది.

5. తిండి, క్యాల్షియం మాత్రలు, విటమిన్ డి. ఎంత, ఎలా?

సామాన్యంగా చదివేవాళ్లకి అర్థమయ్యేలా చెబితే మేలు.

---

ఎండో_కాకినాడ

మీ పేజీ పైన పెద్ద అక్షరాలతో వేయాల్సిన మాట ముందు చెబుతాను. ఎముకని తినేసేది హార్మోను కాదు, హార్మోను లేకపోవడం. ఈస్ట్రోజెనో, టెస్టోస్టెరానో, రెండింటిలో ఒకటి సరిపడా ఉంటే ఎముక నిలబడుతుంది. రెండూ లేని ఒంట్లో నిలబడదు. మీ మొదటి మూడు ప్రశ్నలకీ జవాబు ఇందులోనే ఉంది. మిగతాది వివరం.

ఎముకలో రెండు ముఠాల కణాలు ఎప్పుడూ పనిచేస్తుంటాయి. ఒక ముఠా పాత ఎముకని తవ్వేస్తుంది, రెండోది తవ్విన చోట కొత్త ఎముకతో పూడుస్తుంది. వేసవిలో కాలువలు కట్టేసి గట్లు బాగుచేసినట్టన్న మాట. తవ్వేవాళ్లని అదుపులో పెట్టే మేస్త్రీ ఈస్ట్రోజెన్. మేస్త్రీ లేకపోతే తవ్వకం ఆగదు, పూడిక దాన్ని అందుకోలేదు.

మగవాళ్ల ఒంట్లో కూడా ఆ మేస్త్రీ ఈస్ట్రోజెనే. టెస్టోస్టెరాన్‌లో కొంత భాగాన్ని అరోమటేజ్ అనే ఎంజైమ్ ఎస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. 1994లో వైద్య పత్రికకెక్కిన కేసు ఒకటుంది. 28 ఏళ్ల పురుషుడు, టెస్టోస్టెరాన్ మామూలుగానే ఉంది. కానీ ఈస్ట్రోజెన్‌ని అందుకోవాల్సిన గ్రాహకం పుట్టుకతోనే పనిచేయదు. ఎత్తు 204 సెంటీమీటర్లు, ఎముక చివరలు ఇంకా మూసుకోలేదు, ఎముకలు మాత్రం గుల్ల. టెస్టోస్టెరాన్ ఒక్కటే చాలదని అప్పుడు స్పష్టంగా తెలిసింది.

ఇప్పుడు మీ ప్రశ్నలకి వస్తాను.

ట్రాన్స్ మహిళలు (అబ్బాయిలుగా పుట్టి ఆడవాళ్లుగా జీవించేవాళ్లు): ఈస్ట్రోజెన్ సరైన మోతాదులో మొదలుపెట్టిన మొదటి ఏడాది, రెండేళ్లలో నడుము దగ్గర వెన్నెముక సాంద్రత కొంచెం పెరుగుతుంది, లేదా ఉన్నచోటే ఉంటుంది. గుల్లబారుతుందన్న మాట తప్పు. అయితే ఈ అపోహ ఎలా పుట్టిందో తెలుసుకోవాలి. చాలామందిలో హార్మోన్లు మొదలుపెట్టక ముందే సాంద్రత తక్కువగా కనబడుతుంది. ఎండలోకి రావడం తక్కువ, ఆటలు తక్కువ, విటమిన్ డి తక్కువ. ముందు పరీక్ష చేయించకుండా మూడేళ్ల తర్వాత చేయిస్తే ఆ పాత లోటంతా మాత్రల మీదకి తోస్తారు. అందుకే, వీలైతే, హార్మోన్లు మొదలుపెట్టే ముందే ఒక డెక్సా తీయించి ఉంచుకోవాలి.

వయసు మీరినవాళ్ల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ క్లినిక్‌లో ఏళ్ల తరబడి గమనించినప్పుడు, 50 దాటిన ట్రాన్స్ మహిళల్లో ఎముకలు విరగడం అదే వయసు పురుషులకన్నా ఎక్కువగా, అదే వయసు మహిళలతో దాదాపు సమానంగా కనబడింది. ట్రాన్స్ పురుషుల్లో అలాంటి పెరుగుదల కనబడలేదు.

ట్రాన్స్ పురుషులు: రక్తంలో టెస్టోస్టెరాన్ 400 నుంచి 700 నానోగ్రాముల మధ్య (డెసిలీటరుకి) ఉంటే ఎముకకి ఢోకా లేదు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీయించుకుని, ఆపైన సూదులు మధ్యమధ్యలో మానేసేవాళ్లకే ప్రమాదం. అండాశయాలు ఉన్నంతకాలం ఒకటి రెండు సూదులు తప్పినా వెనకాల కాసే దిక్కు ఉంటుంది. తీసేశాక ఉండదు.

రక్తం ఎప్పుడు తీయాలన్నది కూడా రాయండి. వారానికో, రెండు వారాలకో ఒకసారి వేసే ఎనాంథేట్ సూది అయితే రెండు సూదులకి సరిగ్గా మధ్య రోజున. 10–12 వారాలకి ఒకసారి వేసే 1000 మి.గ్రా. అన్‌డెకనోయేట్ అయితే తర్వాతి సూది వేయడానికి ముందు. సూది వేసిన మర్నాడు తీసిన రక్తంలో అంకె ఎక్కువగా వస్తుంది. దాన్ని చూసి మోతాదు తగ్గిస్తే మిగతా రోజులు లోటులో గడుస్తాయి.

ఇక రెండో ప్రశ్న, అన్నిటికన్నా ముఖ్యమైనది. నిర్వాణం తర్వాత టెస్టోస్టెరాన్ దాదాపు అడుగంటిపోతుంది. అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే కాస్త ఎముకకి ఏమూలకీ రాదు. ఈస్ట్రోజెన్ కూడా వేసుకోకపోతే ఒంట్లో రెండూ లేనట్టే. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి హార్మోన్ ఆపే చికిత్స తీసుకునే పురుషుల్లో మొదటి ఏడాదిలోనే ఎముక సాంద్రత 2 నుంచి 5 శాతం దాకా తగ్గుతుంది. ఇక్కడ జరిగేదీ అదే. తేడా ఏంటంటే వాళ్లకి 70 ఏళ్లు, వీళ్లకి 22, 25 ఏళ్లు. మొదటి ఏళ్లలో వేగంగా పోతుంది, తర్వాత నెమ్మదిగా పోతూనే ఉంటుంది. పైగా 22 ఏళ్లంటే ఎముక ఇంకా నిండుతున్న వయసు. ఆ నిండడం కూడా అక్కడితో ఆగిపోతుంది.

ఎముక పోతుంటే నొప్పి తెలియదు. కానీ హార్మోన్ లేదన్న సంగతి ఒళ్లు చెబుతుంది. ఉన్నట్టుండి ఒంట్లోంచి సెగలు, రాత్రి జాకెట్టు తడిసేంత చెమట, నిద్ర పట్టకపోవడం, కీళ్ల పట్టేత. నిర్వాణం అయినవాళ్లు ఈ మాటలు చెబితే "వేడి చేసింది, మజ్జిగ తాగు" అని పంపేయకండి. ఎముకల మాట అక్కడే ఎత్తండి.

ఎస్ట్రడయాల్ వేసుకునేవాళ్లకి రక్తంలో ఉండాల్సింది మిల్లీలీటరుకి 100–200 పీకోగ్రాములు, టెస్టోస్టెరాన్ డెసిలీటరుకి 50 నానోగ్రాముల లోపు. మొదటి ఏడాది మూడు నెలలకోసారి చూడాలి. ఆపరేషన్ అయినవాళ్లకి ఎల్‌హెచ్ అనే ఇంకో పరీక్ష కూడా ఉపయోగం. అది బాగా ఎక్కువగా ఉందంటే మెదడు "ఇక్కడ హార్మోన్ చాలడం లేదు" అని అరుస్తోందని అర్థం. ఎల్‌హెచ్ ఎక్కువగా ఉన్నవాళ్లలో ఎముక సాంద్రత తగ్గడం పాత అధ్యయనాల్లోనే గమనించారు.

---

స్కాన్‌రూమ్_భీమవరం

నాలుగో ప్రశ్నకి జవాబు నేను చెబుతాను.

ముందు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఎం అని కొట్టినా, ఎఫ్ అని కొట్టినా యంత్రం కొలిచిన అసలు అంకె మారదు. రిపోర్టులో చదరపు సెంటీమీటరుకి ఇన్ని గ్రాములు అని ఉంటుంది చూడండి, 0.950 లాగా, అదే కొలత. మారేది దాని పక్కనుండే టీ స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువకులతో పోలిక), జెడ్ స్కోరు (అదే వయసువాళ్లతో పోలిక). ఎందుకంటే అవి ఎవరితో పోల్చామన్న దాన్నిబట్టి వస్తాయి. అందుకే ప్రతి మనిషి పుస్తకంలో మొదట రాయాల్సింది ఆ గ్రాముల అంకె, ఆపైన తేదీ, యంత్రం పేరు.

పోలిక ఎవరితో అన్నదానికి 2019లో అంతర్జాతీయ డెన్సిటోమెట్రీ సంఘం చెప్పింది ఇది. జెడ్ స్కోరు ఆ వ్యక్తి ఏ జెండర్‌గా జీవిస్తున్నారో ఆ డేటాతో లెక్కించాలి. ఆడా మగా రెండూ కామనుకునేవాళ్లకి పుట్టినప్పుడు నమోదైన సెక్స్‌తో. డాక్టరు అడిగితే పుట్టినప్పటి సెక్స్‌తో కూడా రెండో లెక్క ఇవ్వొచ్చు. రెండోసారి పడుకోబెట్టక్కర్లేదు, తీసిన స్కాన్‌నే మళ్లీ లెక్కకట్టించొచ్చు. నా సలహా, రెండూ ప్రింటు తీయించి పెట్టుకోండి.

50 ఏళ్లలోపు వాళ్లకి చూడాల్సింది జెడ్ స్కోరే. అది మైనస్ 2.0 గానీ ఇంకా కిందగానీ ఉంటే "వయసుకి ఉండాల్సినదానికన్నా తక్కువ" అని రాస్తారు. 30 ఏళ్ల మనిషికి ఒక్క డెక్సా చూసి "ఆస్టియోపొరోసిస్" అని ముద్ర వేయకూడదు.

ఇక జరిగే పొరపాట్లు:

మొదటిసారి ఎం, రెండోసారి ఎఫ్ అని కొత్తగా నమోదు చేస్తే, పేరు కూడా మారి ఉంటే, యంత్రం ఇద్దరు మనుషులనుకుంటుంది. రెండు స్కాన్ల మధ్య తేడా చూపించదు. పాత రిపోర్టు తీసుకెళ్లి, పాత నంబరు కిందే పెట్టమని అడగాలి. ఈ మాట అందరి ముందూ కౌంటర్ దగ్గర కాకుండా గదిలోకి వెళ్లాక చెప్పే వీలు కల్పించడం మా బాధ్యత. పిలిచేటప్పుడు వాళ్లు చెప్పిన పేరుతోనే పిలవాలి. అది కూడా మా బాధ్యతే.

వెండి మొలతాడు. గజ్జెలున్నదైతే సరిగ్గా నాలుగో నడుం పూస మీదో, తుంటి మీదో పడుతుంది. లోహం నీడని యంత్రం ఎముక కింద జమకట్టి సాంద్రత ఎక్కువ చూపిస్తుంది. వడ్డాణం, చీర కుచ్చిళ్ల దగ్గర పిన్నీసు, జరీ అంచు, జాకెట్టు హుక్కులు, ఫోన్, చిల్లర డబ్బులు, అన్నీ తీసి పక్కన పెట్టాలి. కొందరికి మొలతాడు తీయడం ఇష్టం ఉండదు. ముందే చెప్పి తీసుకొస్తే అక్కడ ఇబ్బంది ఉండదు. తుంటికి ప్యాడ్లు కట్టుకున్నా, సిలికాన్ ఎక్కించుకున్నా చెప్పాలి.

క్యాల్షియం మాత్ర 24 గంటల ముందు నుంచి ఆపాలి. కరగని మాత్ర కడుపులో ఉంటే వెన్నెముక మీద చుక్కలా కనబడుతుంది. బేరియం తాగించిన పరీక్షగానీ, మందు ఎక్కించిన సీటీగానీ ఈమధ్యే జరిగి ఉంటే రెండు వారాలు ఆగి రండి.

పరీక్షకి పావుగంట చాలు. రేడియేషన్ ఛాతీ ఎక్స్‌రే కన్నా తక్కువే.

మళ్లీ పరీక్ష ఏడాదికో రెండేళ్లకో, అదే యంత్రం మీద. కంపెనీ మారితే అంకెలు పోల్చకూడదు. 0.950 ఉన్నది 0.935 అయిందని గాభరా పడేవాళ్లున్నారు. అది 1.6 శాతం తేడా, పడుకున్న తీరులో చిన్న మార్పుకే అంత తేడా వస్తుంది. 5 శాతం దాటితే నిజంగా తగ్గిందని అనుకోవాలి.

మడమ పెట్టి రెండు నిమిషాల్లో చేసే ఉచిత శిబిరాల పరీక్ష డెక్సా కాదు. దాన్నిబట్టి మందులు మొదలుపెట్టడం, ఆపడం రెండూ వద్దు. ఫోన్ చేసి "హిప్, స్పైన్ డెక్సా ఉందా" అని అడిగి, ఉందంటేనే బయల్దేరండి. ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ దాకా పోయి మడమ పరీక్షతో తిరిగి రావడం ఎవరికీ మంచిది కాదు.

---

లంకగట్టు_కౌన్సెలర్ (అమలాపురం)

చాలా సంతోషమండీ. మొలతాడు సంగతి మాకు తట్టనే లేదు, తప్పకుండా వేస్తాం.

ఇంకో ప్రశ్న మర్చిపోయాను. 15 నుంచి 19 ఏళ్ల పిల్లలు అడిగేది ఎత్తు గురించి. ఈస్ట్రోజెన్ వేసుకుంటే ఎత్తు ఆగుతుందా, టెస్టోస్టెరాన్ వేయించుకుంటే పెరుగుతుందా అని. యుక్తవయసు మార్పుల్ని ఆపే సూదుల గురించి కూడా అడుగుతున్నారు. ఇంటర్నెట్‌లో చూసి ఆర్డరు పెట్టబోయినవాళ్లూ ఉన్నారు.

---

పిల్లల_హార్మోన్లు

ఎత్తు సంగతి తేలిక. పొడుగు ఎముకల చివర మృదులాస్థి పలక ఉంటుంది, ఎత్తు పెరిగేది అక్కడ. ఆ పలకని మూసేది ఈస్ట్రోజెన్, అబ్బాయిల్లో కూడా. అమ్మాయిలుగా పుట్టినవాళ్లలో సుమారు 14–16 ఏళ్లకి, అబ్బాయిలుగా పుట్టినవాళ్లలో 16–18 ఏళ్లకి మూసుకుంటుంది. మూసుకున్నాక ఏ హార్మోనూ ఎత్తుని పెంచదు, తగ్గించదు. భుజాల వెడల్పు, దవడ ఎముక, కటి ఎముక ఆకారం కూడా అంతే. 19 ఏళ్ల ట్రాన్స్ పురుషుడికి సూదులతో ఎత్తు వస్తుందని చెప్పి డబ్బు తీసుకునేవాళ్లుంటే అది మోసం. ఎవరికైనా సందేహం ఉంటే ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే ఒకటి తీస్తే పలకలు తెరిచి ఉన్నాయో మూసుకున్నాయో తేలిపోతుంది.

పలకలు తెరిచి ఉన్న వయసులో సొంతంగా ఎక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ వేసుకుంటే అవి ముందుగానే మూసుకోవచ్చు. ఎక్కువ ఎత్తు వద్దనుకునే పిల్ల దీన్ని లాభం అనుకుంటుంది. కానీ ఆ వయసులో డాక్టరు చేసే పని వేరు. చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి ఆరు నెలలకోసారి పెంచుతూ సుమారు రెండేళ్లలో పెద్దవాళ్ల మోతాదుకి తెస్తారు. సహజంగా యుక్తవయసు నడిచే వేగం అదే, ఎముక నిండేదీ ఆ వేగానే.

ఇక ఆపే సూదుల గురించి కాస్త వివరంగా చెప్పాలి. ల్యూప్రోలైడ్ లాంటివి, 3.75 మి.గ్రా. నాలుగు వారాలకి, లేదా 11.25 మి.గ్రా. 12 వారాలకి వేస్తారు. ఇవి మెదడు నుంచి వచ్చే సంకేతాన్ని ఆపుతాయి, ఒంట్లో సెక్స్ హార్మోన్లు దాదాపు నిలిచిపోతాయి. ఎముకకి ఇక్కడే చిక్కు. పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో దాదాపు నాలుగో వంతు, ఎత్తు గబగబా పెరిగే ఆ రెండేళ్లలోనే చేరుతుంది. సూదుల మీద ఉన్న బిడ్డ ఎముక కరిగిపోదు, ఉన్నచోట ఉంటుంది. తోటిపిల్లలు మాత్రం మెట్లు ఎక్కేస్తుంటారు. అందుకే ఏడాది తర్వాత గ్రాముల అంకె ఇంచుమించు అదే ఉన్నా జెడ్ స్కోరు పడిపోతుంది. రిపోర్టు చదివే కౌన్సెలర్లు ఈ తేడా గమనించాలి.

తర్వాత కావలసిన హార్మోను మొదలుపెడితే అందుకుంటారా? నెదర్లాండ్స్‌లో ఏళ్లపాటు వెంట ఉండి చూసినవాళ్లకి తేలింది ఏంటంటే, టెస్టోస్టెరాన్ మొదలుపెట్టిన ట్రాన్స్ అబ్బాయిలు చాలావరకు అందుకుంటారు. ఈస్ట్రోజెన్ మొదలుపెట్టిన ట్రాన్స్ అమ్మాయిల్లో నడుము వెన్నెముక వెనకబడే ఉంటుంది. ఎముకతో పాటు మరికొన్ని విషయాల్లో సాక్ష్యం చాలదని 2024 మార్చిలో ఇంగ్లాండ్ ఆరోగ్య సేవ ఈ సూదుల్ని మామూలు వైద్యంగా ఇవ్వడం ఆపేసింది. మరికొన్ని దేశాల్లో నిపుణుల బృందం చూసి ఇస్తున్నారు. కాబట్టి ఇది తల్లిదండ్రులు, పిల్లల హార్మోన్ల డాక్టరు, మానసిక వైద్యులు కలిసి కూర్చుని తేల్చుకునే విషయం. ఆర్డరు పెట్టి తెప్పించుకుని వీధి చివర సూది వేయించుకునేది అసలే కాదు. ఇచ్చినచోట ముందు ఒక డెక్సా, ఆపైన ఏడాదికి ఒకటి, విటమిన్ డి, ఎత్తు, బరువు చూస్తారు. ఏ హార్మోనూ లేని కాలాన్ని వీలైనంత తగ్గిస్తారు.

చిన్నపిల్లల డెక్సాలో ఇంకో మెలిక. యంత్రం చూసేది నీడ లాంటి బొమ్మని, మందాన్ని కాదు. పొట్టిగా ఉన్న బిడ్డకి సాంద్రత తక్కువగా, పొడుగ్గా ఉన్నవాళ్లకి ఎక్కువగా కనబడుతుంది. ఎత్తుకి సరిచేసిన జెడ్ స్కోరు అడగండి.

---

పాలకొల్లు_ఫార్మసిస్ట్

మందుల దగ్గర జరిగే తప్పులు నేను చెబుతాను. కరపత్రంలో సగం పేజీ వీటికి ఇవ్వండి, ఎముక ఎక్కువ పోయేది ఇక్కడే.

*సైప్రోటెరాన్ ఒక్కటే వేసుకోవడం.* గడ్డం తగ్గుతుందని 50 మి.గ్రా. మాత్ర రోజూ మింగేవాళ్లున్నారు, ఈస్ట్రోజెన్ లేకుండా. అది టెస్టోస్టెరాన్‌ని అడుగుకి తోసేస్తుంది, బదులుగా ఏమీ రాదు. నిర్వాణం అయి మాత్రలు మానేసిన స్థితే ఇదీ. పైగా ఆ మోతాదు అక్కర్లేదు, 10–12.5 మి.గ్రా. అంటే పావు మాత్ర చాలు. ఎక్కువ మోతాదు ఏళ్ల తరబడి వాడితే మెదడు పొరల్లో గడ్డలు వచ్చే ప్రమాదం ఉందని యూరప్ మందుల సంస్థ 2020లో హెచ్చరించింది.

*గర్భనిరోధక మాత్రలు.* మాలా-డి లాంటివి చవగ్గా దొరుకుతాయి కాబట్టి రోజుకి నాలుగు, ఐదు మింగుతారు. అందులో ఉండేది ఇథినైల్ ఎస్ట్రడయాల్. కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం దీనితో చాలా ఎక్కువ, పొగతాగేవాళ్లకి ఇంకా ఎక్కువ. రక్తపరీక్షలో ఎస్ట్రడయాల్ కింద అది కనబడదు కాబట్టి మోతాదు చాలుతోందో లేదో డాక్టరుకీ తెలియదు. వాడాల్సింది ఎస్ట్రడయాల్ వాలరేట్, రోజుకి 2 నుంచి 6 మి.గ్రా., చీటీ మీద. గడ్డ కట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, 45 దాటినవాళ్లు జెల్ గానీ పట్టీ గానీ అడగాలి.

*ఆపరేషన్‌కి ముందు ఆపి, మళ్లీ మొదలుపెట్టకపోవడం.* రెండు నుంచి నాలుగు వారాలు ముందు ఈస్ట్రోజెన్ ఆపమని కొందరు సర్జన్లు చెబుతారు. ఎప్పుడు మొదలుపెట్టాలో చీటీలో రాయరు, వీళ్లు అడగరు. ఆ ఖాళీ ఏళ్లకేళ్లు సాగుతుంది. డిశ్చార్జి రోజునే తేదీ రాయించుకోవాలి.

*లెట్రోజోల్, అనాస్ట్రోజోల్.* జిమ్‌లో ఎవరో చెప్పారని ట్రాన్స్ పురుషులు టెస్టోస్టెరాన్‌తో పాటు వేసుకుంటారు, "ఆడ హార్మోనుగా మారకుండా". పైన డాక్టరుగారు చెప్పిన అరోమటేజ్‌ని ఆపేది ఇదే. ఆ మారే కొంచెమే ఎముకని కాపాడుతుంది. క్యాన్సర్‌లాంటి కారణంతో డాక్టరు రాస్తే తప్ప ముట్టుకోవద్దు.

*అంతర సూది.* నెలసరి ఆగడానికి మూడు నెలలకోసారి వేసే డీఎంపీఏ గర్భనిరోధక సూది వేయించుకునే ట్రాన్స్ పురుషులున్నారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అంతర పేరుతో ఇచ్చేది అదే. టెస్టోస్టెరాన్ ఇంకా మొదలుపెట్టకుండా ఇదొక్కటే రెండేళ్లు దాటి వాడితే ఎముక సాంద్రత తగ్గుతుంది. ఆపాక చాలావరకు తిరిగి వస్తుంది. కుర్రవయసులో ఎక్కువకాలం వద్దు.

*డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్.* ఒళ్లు నొప్పులకి, "ఒళ్లు చేయడానికి" ఆర్ఎంపీల దగ్గర పొట్లంలో వచ్చే చిన్న స్టెరాయిడ్ మాత్రలు. మూడు నెలలు దాటితే ఎముకకి ఇంతకన్నా వేగంగా చెరుపు చేసేవి తక్కువ. ఏళ్లుగా వాడుతున్నవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, ప్రాణం మీదకి వస్తుంది. డాక్టరు దగ్గర మెల్లగా తగ్గించాలి.

*ఏఆర్‌టీ మందులు.* హెచ్ఐవీకి రోజుకి ఒకటి వేసుకునే టీఎల్‌డీ మాత్రలో టెనోఫోవిర్ ఉంటుంది. అది ఎముక సాంద్రతని కొంత తగ్గిస్తుంది. దానికని ఏఆర్‌టీ ఒక్కరోజు కూడా ఆపొద్దు, ఎముకకి చేయాల్సింది విడిగా చేద్దాం. ఇంకోటి, అందులోని డొలుటెగ్రావిర్‌కీ క్యాల్షియానికీ పడదు. ఖాళీ కడుపున రెండూ కలిపి వేసుకుంటే ఏఆర్‌టీ ఒంటికి సరిగా పట్టదు. క్యాల్షియం, ఐరన్ మాత్రలకి 2 గంటల ముందు గానీ 6 గంటల తర్వాత గానీ టీఎల్‌డీ వేసుకోవాలి. రాత్రి పడుకునే ముందు టీఎల్‌డీ, మధ్యాహ్నం భోజనం తర్వాత క్యాల్షియం అని పెట్టుకుంటే గొడవే లేదు.

*విటమిన్ డి.* రక్తంలో మిల్లీలీటరుకి 20 నానోగ్రాముల లోపుంటే 60,000 యూనిట్ల పొట్లం వారానికి ఒకటి, 8 వారాలు, తర్వాత నెలకి ఒకటి. పాలలోనో, నూనె నెయ్యి ఉన్న భోజనం తర్వాతో వేసుకుంటే బాగా పడుతుంది. తరచూ జరిగే తప్పు, వారానికి ఒకటి అన్నదాన్ని రోజుకి ఒకటి అనుకుని మింగేయడం. వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం మొదలైతే వెంటనే ఆపి క్యాల్షియం పరీక్ష చేయించాలి. పొట్లాలన్నీ ఒకేసారి ఇవ్వకుండా నాలుగేసి ఇచ్చి, కాగితం మీద ఆదివారం తేదీలు రాసివ్వండి.

మన ప్రాంతానికే వర్తించే మాట ఒకటి. స్పైరనోలాక్టోన్ (మగ హార్మోన్‌ని అడ్డుకునే మాత్ర) వాడేవాళ్లకి పొటాషియం పెరుగుతుంది. కొబ్బరిబొండం నీళ్లలో పొటాషియం ఎక్కువ. రోజుకి ఒక బొండం తాగితే మూత్రపిండాలు బాగున్నవాళ్లకి భయం లేదు. ఎండాకాలంలో నీళ్లకి బదులు మూడు, నాలుగు తాగేవాళ్లు, షుగరు, బీపీ మాత్రలున్నవాళ్లు పొటాషియం పరీక్ష చేయించుకోవాలి.

---

రాగిజావ_ఫిజియో

తిండి గురించి కొంచెం. పెద్దవాళ్లకి రోజుకి 1000 మి.గ్రా. క్యాల్షియం కావాలి. మనం తినే తెల్లబియ్యంలో 100 గ్రాములకి 10 మి.గ్రా. కూడా ఉండదు. మూడు పూటలా అన్నమే తిని ఎముకకి ఏమీ ఇవ్వనివాళ్లు డెల్టాలో చాలామంది. రోజుకి అర లీటరు పాలు లేదా పెరుగు (600), 30 గ్రాముల చోడిపిండితో జావ (100 పైన), గుప్పెడు మునగాకు పప్పులోనో వేపుడులోనో (150), ఒక నువ్వులుండ (20 గ్రాముల నువ్వులకి 250). లెక్క సరిపోయింది, మాత్ర అక్కర్లేదు. పాలు పడనివాళ్లు మెత్తళ్లు ముల్లుతో సహా నమిలి తినాలి, ముల్లు తీసేస్తే ఫలితం లేదు.

మాత్ర వేసుకునేవాళ్లు అట్ట వెనక చదవండి. క్యాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా. అంటే అందులో అసలు క్యాల్షియం 500. భోజనం తర్వాత వేసుకోవాలి.

వ్యాయామం విషయంలో, నడక గుండెకి మంచిది, ఎముకకి అంతగా చాలదు. సైకిలు, ఈత కూడా అంతే. ఎముకకి బరువు మోయడం, అదురు తగలడం కావాలి. గుంజీలు, మెట్లెక్కడం, బియ్యం సంచి లాంటి బరువు ఎత్తి దించడం, మునివేళ్ల మీద లేచి మడమల్ని నేలకి తాటించడం, వారానికి మూడు రోజులు. అప్పటికే వెన్నుపూస నలిగినవాళ్లు మాత్రం నడుం ముందుకి వంచి బరువు ఎత్తకూడదు, పడుకుని లేచే కడుపు వ్యాయామాలు చేయకూడదు. ఇంకో పూస నలుగుతుంది.

---

లంకగట్టు_కౌన్సెలర్ (అమలాపురం)

ఒక్క విషయం అడిగి ముగిస్తానండీ. నిర్వాణం అయి పదేళ్లు మాత్రలు లేకుండా గడిపినవాళ్లు ఇప్పుడు మొదలుపెడితే ఉపయోగం ఉంటుందా? ఏ వరసలో పంపాలి?

---

ఎండో_కాకినాడ

ఉంటుంది. పోయినదంతా తిరిగి రాదు, పోవడం మాత్రం ఆగుతుంది, కొంత తిరిగి వస్తుంది కూడా. వరస ఇది.

ముందు ఎత్తు కొలవండి, ఉద్యోగం కోసమో మరెందుకో కొలిచిన పాత ఎత్తు ఏదైనా ఉందేమో అడగండి. 4 సెంటీమీటర్లు తగ్గి ఉంటే, లేదా కారణం లేకుండా నడుం మధ్యలో పట్టేసే నొప్పి ఉంటే వెన్ను ఎక్స్‌రే ముందు. తర్వాత బీపీ, షుగరు, కాలేయం, మూత్రపిండాలు, విటమిన్ డి, క్యాల్షియం, ఎల్‌హెచ్, ఎస్ట్రడయాల్. రక్తం గడ్డకట్టిన చరిత్ర, గుండెజబ్బు, పొగ అలవాటు అడిగి రాయండి. డెక్సా. ఇవి చేతిలో ఉంటే డాక్టరు దగ్గర ఒక్క రోజులో పని అవుతుంది.

అభ్యంతరం లేకపోతే ఎస్ట్రడయాల్ 2 మి.గ్రా.తో మొదలుపెట్టి మూడు నెలలకి రక్తం చూసి పెంచుతారు. వృషణాలు లేవు కాబట్టి సైప్రోటెరాన్, స్పైరనోలాక్టోన్ ఇక అక్కర్లేదు. పాత చీటీ పట్టుకుని అవి కూడా కొంటుంటారు, గమనించండి. ఈస్ట్రోజెన్ వేసుకోకూడని జబ్బు ఉన్నా, అప్పటికే ఎముక విరిగి ఉన్నా ఎముక మందులు వేరే ఉన్నాయి. అలెండ్రోనేట్ 70 మి.గ్రా. వారానికి ఒకటి. పరగడుపున నిండు గ్లాసు నీళ్లతో మింగి, అరగంట పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. పడుకుంటే అన్నవాహిక పుండు పడుతుంది. అది పడనివాళ్లకి జోలెడ్రోనిక్ ఆసిడ్ 5 మి.గ్రా. ఏడాదికి ఒకసారి సెలైన్‌లో. దానికి ముందు విటమిన్ డి సరిచేసి తీరాలి. లేకపోతే రక్తంలో క్యాల్షియం పడిపోయి చేతులు కొంకర్లు పోతాయి.

హార్మోను ఎంతకాలం అని అడుగుతారు. ఆపరేషన్ అయినవాళ్లు కనీసం 50 ఏళ్ల దాకా మానకూడదు, ఆ తర్వాత తగ్గించాలా వద్దా అన్నది అప్పటి డెక్సా చూసి తేల్చాలి. మీ ఆఫీసు తలుపు చెక్క మీద ఎత్తు కొలిచే గీతలు ఈ వారమే గీయించండి. వచ్చినవాళ్లని చెప్పులు విప్పి, మడమలు చెక్కకి ఆనించి నిలబెట్టి, అంకె, తేదీ పుస్తకంలో రాసి పంపండి.